తిమ్మిరి: ఉంది

ఆలేరు స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరు ఇరవై. మార్చి మొదటి వారం. ప్లాట్‌ఫారం మీద పల్లీ బస్తాలు, ఖాళీ పాల క్యాన్లు. మిలిటరీ వైద్య బృందం, మేం పదకొండు మందిమి. సామాను ముప్పై నాలుగు పెట్టెలు. పెట్టెల లెక్క నాది. దించేటప్పుడు ఒకసారి, లారీకి ఎక్కించేటప్పుడు ఒకసారి లెక్కపెట్టాను. రెండుసార్లూ ముప్పై నాలుగే.

ఏడింటికి లారీ కదిలింది. దారి పొడుగునా ఎర్రనేల, తాటిచెట్లు, ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న బండరాళ్ళ గుట్టలు. కుంటలన్నీ అడుగంటి పగుళ్ళిచ్చాయి. తొమ్మిదింటికి తిరుమలగిరి. అక్కడినుంచి ఇంకో ఆరు కిలోమీటర్లు. రోడ్డు పక్కన ఒక పాత ధాన్యం గోదాము, దాని వెనక చదును చేసిన జాగా. గోదాము వార్డు. వెనక వేసిన పెద్ద డేరా ఆపరేషన్ థియేటర్. డేరాకు ఇరవై గజాల దూరంలో జనరేటర్. నాలుగు నెలల డ్యూటీ.

ఊళ్ళో ఎవరు పటాలం ముచ్చట్లు అడిగినా నేను మంచు గురించే చెప్తాను. రెండేళ్ళు సరిహద్దు మంచుకొండల్లో ఉన్నాను, అందులో అబద్ధం లేదు. ఈ నాలుగు నెలల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నా సర్వీసు మొత్తంలో నల్లగొండ పక్కనున్న మా ఊరు పానగల్‌కు దగ్గరగా చేసిన డ్యూటీ ఇదొక్కటే. ఒక్క తూటా పేలలేదు. సైనికుల ఇళ్ళవాళ్ళకు, రిటైరైనవాళ్ళకు ఎముకల ఆపరేషన్లు చేసే శిబిరం అది. ఎనభైలు ఇంకా పూర్తిగా దాటలేదు. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి టెక్నీషియన్‌గా చేరినవాణ్ణి.

నా చేతికింద ఉన్నవి: జనరేటర్, ఎక్స్‌రే మిషను, వైర్‌లెస్ సెట్టు బ్యాటరీలు, పరికరాలు ఉడకబెట్టే స్టెరిలైజర్, ఇంకా రెండు కొత్త పెట్టెలు. అప్పటికి మాలో ఎవరం అటువంటివి వాడి ఎరగం. అరచేతిలో పట్టే పెట్టె. ముందు ఒక నాబ్, సున్నా నుంచి పది వరకు. పక్కన ఎర్ర దీపం. లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ. రెండు లీడ్లు, అంటే రబ్బరు తొడుగున్న సన్నని తీగలు, వాటి చివర రెండు నల్ల రబ్బరు బిళ్ళలు. బిళ్ళలకు జెల్లీ రాసి చర్మానికి టేపుతో అంటిస్తే సన్నని కరెంటు నరానికి తగులుతుంది. నరం ఆ తిమ్మిరిని మోస్తూంటే నొప్పి మెదడుకు చేరడం తగ్గుతుందని మా సర్జన్ మేజర్ సాబ్ చెప్పారు. నొప్పి ఇంజెక్షన్లు మా దగ్గర తక్కువ. ఈ పెట్టె పనిచేస్తే అవి ఆదా అవుతాయి. పనిచేస్తోందో లేదో నాలుగు నెలలు రాసి చూపించాలి.

రాయవలసినవి నాలుగు. గంటకోసారి మీటరుతో లీడ్ పరీక్ష. నాబ్ ఎంత మీద ఉంది. తిమ్మిరి ఉందా, లేదా. నొప్పి పదికి ఎంత.

"తిమ్మిరి ఉందంటే పెట్టె పనిచేస్తున్నట్టు. కండ ఎగిరిందంటే కరెంటు ఎక్కువైనట్టు, తగ్గించు. నీకు తెలుగు వచ్చు కాబట్టి ఇది నీ డ్యూటీ" అన్నారు మేజర్ సాబ్ హిందీలో.

రిజిస్టర్‌ను నేనే గీశాను. స్కేలుతో, ఎర్ర పెన్సిలుతో. మొదటి వారం గంటగంటకూ పరీక్షించాను. ఒక్క లీడు కూడా చెడలేదు. రెండో వారం నుంచి పొద్దున ఒకసారి పరీక్షించి, ఆ రోజు గడులన్నిటిలో ఒకేసారి టిక్కులు పెట్టడం మొదలుపెట్టాను. అలా చేస్తే పేజీ శుభ్రంగా ఉండేది. ఒకే పెన్ను, ఒకే వాలు, వరసలో పది టిక్కులు. మేజర్ సాబ్ ఆ పేజీలు తిరగేసి, పక్కనున్న నర్సింగ్ హవల్దార్‌తో "రిజిస్టర్ అంటే ఇట్లా ఉండాలి" అన్నారు. ఆ మాటకు రెండు రోజులు ఉబ్బిపోయాను.

గోదాము మధ్యలో దుప్పట్లు కుట్టి తెర కట్టాం. ఇవతల మగవాళ్ళు, అవతల ఆడవాళ్ళు. ఇవతల తెరను ఆనుకుని ఉన్న మంచం ఖాజా మియాది. పటాలంలో దర్జీగా చేసి రిటైరైన మనిషి. మోకాలికి ఆపరేషన్ అయింది. నేను పెట్టె పట్టుకుని పోయినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఏం తమ్మీ, ఇయ్యాల కరెంటు బిల్లు ఎంతొచ్చింది?"

"నీ పింఛన్ల పట్టుకుంటర్లే చిచ్చా."

"పట్టుకోని. నాలుగు మీద పెట్టి నా కాలు నాట్యం ఆడిచ్చినవ్ గదా, దానికి గూడ ఫీజు తీస్కో."

మూడో వారంలో బుచ్చమ్మ వచ్చింది. పాలమూరు దిక్కు మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. బావులు తవ్వే గుంపుతో ఇటు వచ్చింది. తిరుమలగిరి దగ్గర బావిలోంచి పైకి లాగుతున్న రాయి జారి కుడికాలి ముందెముక మీద పడింది. ఎవరో వెదురు బద్దలు కట్టారు. ఎముక వంకరగా అతుక్కుంటోంది. ఆమె కొడుకు సిపాయి, తూర్పు సరిహద్దులో ఉన్నాడు. అతను రాసిన ఇన్‌లాండ్ లెటర్‌ను మడతలు చిరిగేదాకా నడుముకు చెక్కుకుని తెచ్చింది. ఆ ఉత్తరం మీది యూనిట్ నంబరు చూసి చేర్చుకున్నాం.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం ఆమెకు పెట్టె చూపించాను.

"గీ డబ్బల కరెంటా బిడ్డా?"

"కరెంటే చిన్నమ్మా. గని చిన్నది."

"మోటరు డబ్బ ముట్టుకుంటే గుంజి కొడ్తది, గసొంటిదా?"

"గది గాదు. గిది కొట్టది. కాలు మడిసి చానాసేపు కూసుంటే తిమ్మిరెక్కుతది సూడు, గట్ల అనిపిస్తది. తిమ్మిరొస్తే మంచిది. రాంగనే నాకు చెప్పాలె."

"తిమ్మిరొస్తే మంచిదా?" నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మేమైతే తిమ్మిరొస్తే కాలిదిలిచ్చుకుంటం."

తెర ఇవతలినుంచి ఖాజా మియా అందుకున్నాడు. "పటాలంల అన్నీ ఉల్టానే ఉంటయక్కా. నీ కొడుకునడుగు, చెప్తడు."

మర్నాడు ఎనిమిదిన్నరకు ఆమెను డేరాలోకి తీసుకుపోయారు. నడుములో మత్తుమందు ఇచ్చారు. ఎముకను సరిచేసి, స్టీలు పట్టీ పెట్టి మరలు బిగించారు. మోకాలి కిందినుంచి వేళ్ళ దాకా పిండికట్టు వేశారు. పది నలభైకి మంచం మీదికి తెచ్చారు.

పదకొండున్నరకు నర్సింగ్ హవల్దార్ లారీలో ఆలేరుకు బయల్దేరాడు. లష్కర్ నుంచి, అంటే సికింద్రాబాద్ నుంచి, రైల్లో పిండికట్టు గుడ్డ వస్తోంది. హవల్దార్ తమిళం మనిషి, ఇరవై ఏళ్ళ సర్వీసు. లారీ ఎక్కేముందు నన్ను పిలిచాడు.

"ఆమె వేళ్ళు చూస్తుండు. గంటకోసారి కదిలించమను. గోరు నొక్కు. తెల్లబడాలి, వదలగానే ఎర్రబడాలి. సమఝ్ గయా?"

"సమఝ్ గయా ఉస్తాద్."

ఒంటిగంటకు మత్తు దిగింది. ఒకటిన్నరకు పెట్టె పెట్టాను. ఒక బిళ్ళ తొడ వెనక, ఇంకొకటి మోకాలి వెనక, కట్టుకు పైన. నాబ్ మూడు మీదికి రాగానే ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

"ఒచ్చింది బిడ్డా! చీమలు పారినట్టు."

వేళ్ళు కదిలించమన్నాను. కదిలాయి. గోరు నొక్కాను. ఎర్రబడింది. రిజిస్టర్లో రాశాను. నాబ్ మూడు. తిమ్మిరి: ఉంది. నొప్పి నాలుగు. లీడ్ పరీక్ష గడిలో టిక్కు పొద్దుననుంచే ఉంది.

రెండు యాభైకి కిటికీలోంచి ఎండ ఆమె మొహం మీదికి వచ్చింది. మంచాన్ని నేనే నాలుగడుగులు పక్కకు జరిపాను. మంచంకోడు లీడు మీది నుంచి పోయింది. నేను చూశాను. వంగి లీడును లాగి సర్ది పెట్టాను. పైన రబ్బరు బాగానే ఉంది. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. మీటరు నా జేబులో ఉంది.

మూడున్నరకు పోయేసరికి ఆమె దిండు అంచును పళ్ళతో పట్టుకుని ఉంది.

"నొప్పి జోరయింది బిడ్డా. పిక్కల పగులగొట్టినట్టైతాంది."

"తిమ్మిరుందా?"

"ఉంది. పాదమంత తిమ్మిరే."

నాబ్‌ను అయిదు మీదికి తిప్పాను. "ఇప్పుడు?"

"గట్లనే ఉంది."

రాశాను. నాబ్ అయిదు. తిమ్మిరి: ఉంది. నొప్పి ఏడు.

వేళ్ళు కదిలించమనలేదు. మరిచిపోయానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. నా పట్టికలో దానికి గడి లేదు. గడి లేని పనికి అంత తొందర ఉండదనుకున్నాను.

నాలుగున్నరకు మళ్ళీ పోయాను. ఆమె మాట్లాడటం తగ్గించింది. నుదురంతా చెమట.

"ఏళ్ళు ఉన్నయో లెవ్వో ఎర్కైతలేదు బిడ్డా. తిమ్మిరి పైకెక్కుతాంది."

"గదే గావాలె చిన్నమ్మా. మిషను మంచిగ పనిచేస్తాంది. జర ఓర్సుకో."

"ఓర్సుకుంట. నువ్వు చెప్తున్నవ్ గదా."

నాబ్ ఆరు. ఏడు. ఎనిమిది. ఎనిమిది మీద మామూలు మనిషికి తొడ కండ పైకి లేచి కొట్టుకుంటుంది. ఆమె తొడ కదలలేదు. రిజిస్టర్లో చివరి గడి వెడల్పు ఎక్కువ, అదనంగా ఏమైనా రాయడానికి. అందులో రాశాను: "ఓర్చుకునే శక్తి ఎక్కువ."

బయటికి వస్తుంటే ఖాజా మియా అన్నాడు. "తమ్మీ, నాకు నాలుగు మీదనే కాలు దుంకింది. ఆమెకు ఎనిమిది మీద పెట్టినవంట. ఆమె మనిషా, రాయా?"

"పాలమూరు మనిషి చిచ్చా" అన్నాను. ఇద్దరం నవ్వాం. నేను చదివిన చదువులో మొదటి సంవత్సరం మొదటి పాఠం అది. నాబ్ ఎంత తిప్పినా అవతల ఏమీ లేదంటే మధ్యలో తీగ తెగినట్టు. ఆ పాఠాన్ని ఒక దర్జీ మంచంలో పడుకుని నాకు అప్పజెప్పాడు. నేను నవ్వి, జనరేటర్‌కు డీజిల్ పోయడానికి పోయాను.

అయిదు నలభైకి లారీ వచ్చింది. నర్సింగ్ హవల్దార్ దిగి, చేతులు కూడా కడుక్కోకుండా తెర అవతలికి పోయాడు. పది సెకన్లు కూడా కాలేదు.

"టెక్నీషియన్!"

పరుగెత్తాను. ఆమె బొటనవేలు అతని రెండు వేళ్ళ మధ్య ఉంది. గోరు నొక్కాడు. తెల్లబడింది. వదిలాడు. తెల్లగానే ఉంది.

"మంచు ముక్కలా ఉంది. కదిలించమన్నావా?"

అతను జవాబు కోసం ఆగలేదు. పెద్ద కత్తెర తీసుకుని పిండికట్టును పైనుంచి కిందిదాకా చీల్చాడు. లోపల కాలు నున్నగా, బిగిసి, మెరుస్తోంది. ఆమె అరవలేదు. "తిమ్మిరి బిడ్డా, తిమ్మిరి" అంటూనే ఉంది.

కట్టు లోపల కాలు వాచింది. వాపుకు పోయే చోటు లేక రక్తం ఆగింది. కండ, నరం ఊపిరాడక చస్తున్నాయి. చచ్చే నరం కూడా మొదట తిమ్మిరెక్కుతుంది. పెట్టె ఇచ్చే తిమ్మిరికీ దానికీ పేరు ఒక్కటే. ఇదంతా నాకు ఆ రాత్రి హవల్దార్ చెప్పాడు.

ఆరుంబావుకు మళ్ళీ డేరాలోకి తీసుకుపోయారు. వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టు ముందు కూర్చున్నాడు. బ్యాటరీ నేనే బిగించాను.

"రక్తం కావాలి. రెండు సీసాలు. బి పాజిటివ్. ఓవర్."

"రోడ్డున పంపాలి. నాలుగు గంటలు పడుతుంది. ఓవర్."

"పంపండి. ఓవర్."

"కారణం చెప్పండి. ఓవర్."

ఆపరేటర్ నావైపు తిరిగాడు. "ఏం చెప్పను?"

"వాపు అని చెప్పు."

"వాపు. ఓవర్."

రక్తం వచ్చేదాకా ఆగడానికి లేదు. మాలో ముగ్గురిది బి పాజిటివ్. ఒకణ్ణి నేను. ముగ్గురం అక్కడికక్కడే రక్తం ఇచ్చాం. కాలి కండల మీది పొరను రెండు వైపులా జానెడు పొడవున చీల్చి వాపుకు దారి ఇచ్చారు మేజర్ సాబ్. ఎనిమిదింటికి బయటికి వచ్చారు. కాలు దక్కిందన్నారు. పాదాన్ని పైకెత్తే కండలు దక్కకపోవచ్చన్నారు. తర్వాత రిజిస్టర్ అడిగారు. వరస వరస కింద వేలు పెట్టి చదివారు.

"లీడ్ పరీక్ష ప్రతి గంటా చేశావా?"

"యస్ సర్."

అంతే. నేను చెప్పింది రెండు మాటలు. ఆయన తలూపి పేజీ కింద సంతకం పెట్టారు.

ఆయన పోయాక పెట్టె తీసుకుని జనరేటర్ పక్కకు పోయాను. ఎర్ర దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. లీడుకు మీటరు పెట్టాను. ముల్లు కదలలేదు. ఇంకోసారి పెట్టాను. కదలలేదు. మంచంకోడు నలిపిన చోట రబ్బరు లోపల తీగ తెగి ఉంది. రెండు యాభై నుంచి ఆమెకు నా పెట్టెలోంచి ఏమీ అందలేదు. ఆమె చెప్పిన తిమ్మిరంతా ఆమె కాలిదే.

కొత్త లీడు బిగించాను. తెగిన లీడును మర్నాడు పొద్దున వాడేసిన కట్లు కాల్చే గుంటలో వేశాను.

వారం తర్వాత ఖాజా మియాను ఇంటికి పంపించారు. తన ట్రంకుపెట్టె సర్దుకుంటూ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నవ్వలేదు.

"తమ్మీ, నేను ముప్పయ్యేండ్లు మిషను తొక్కిన. దారం తెగితే మిషను ఆగదు. సూది పోతనే ఉంటది, చక్రం తిరుగుతనే ఉంటది. బట్ట మీద కుట్టు మాత్రం పడది. దర్జీ సూసుకోవాలె."

నేను అతని ట్రంకుపెట్టెకు తాడు బిగిస్తున్నాను.

"నేను ఎవ్వరికి జెప్ప. నువ్వు జెప్పు. సాబ్‌కు జెప్పు, లేకుంటే ఆమెకన్న జెప్పు."

"చెప్త చిచ్చా" అన్నాను.

చెప్పలేదు. చెప్పడానికి అవకాశాలు వచ్చాయి. రెండు గుర్తున్నాయి.

మొదటిది, బుచ్చమ్మ కొడుక్కు ఉత్తరం రాయమన్నప్పుడు. కుట్లు ఇంకా మానలేదు. దిండుకు ఆనుకుని చెప్తుంటే నేను ఇన్‌లాండ్ లెటర్ మీద రాశాను.

"నాకు మంచిగనే ఉన్నదని రాయి. కాలుకు రెండుసార్లు కోసిన్రని రాయకు, పోరడు పరేషానైతడు. గీడ మన నల్లగొండ పిలగాడు ఒకడున్నడు, మిషను పెడ్తడు, పొద్దంత నన్ను ఇడిసిపెట్టలేదు, ఆకరికి రక్తం గూడ ఇచ్చిండు అని రాయి." కాలి మీది దుప్పటి సర్దుకుంది. "తప్పు నాదే బిడ్డా. నొప్పి ఓర్వలేక ఊకె పండ్లు కొరికిన. గట్టిగ ఒర్లితె డాక్టరుసాబు ఇనేటోడేమొ."

"గది గూడ రాయాల్నా?"

"ఒద్దు. గది నీకు చెప్తున్న."

ఆమె చెప్పినట్టే రాశాను. చేతిరాత బాగా వచ్చింది. అడ్రసు రాసి, నాలుకతో తడిపి, అంచు అంటించాను.

రెండోది, జూన్ చివర ఆ రెండు కొత్త పెట్టెల మీద రిపోర్టు రాసినప్పుడు. మేజర్ సాబ్ చెప్తుంటే రాసింది నేనే, నా రాత బాగుంటుందని. ఆమె కేసు దగ్గరికి రాగానే ఆయన చెప్పిన వాక్యాలు మూడు. పరికరంలో లోపం లేదు. లీడ్ పరీక్ష నియమం ప్రకారం జరిగింది. నొప్పి తీవ్రతను రోగి సకాలంలో తెలియజేయలేదు. మూడో వాక్యం దగ్గర పెన్ను ఆపాను.

"ఇంకు అయిపోయిందా?" అన్నారు ఆయన.

"లేదు సర్."

రాశాను.

జూలై మొదటి వారంలో శిబిరం ఎత్తేశాం. అప్పటికి రెండు వానలు పడ్డాయి. నేల మెత్తబడింది. చుట్టుపక్కల చేలల్లో విత్తనాలు వేస్తున్నారు. చివరి రోజు, పాత రోగులు వచ్చి చూపించుకునే రోజు. బుచ్చమ్మ పాలమూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో కర్ర. ఎముక చక్కగా అతికింది. ఎక్స్‌రే నేనే తీశాను. పాదం మాత్రం పైకి లేవలేదు. ఎత్తమంటే మోకాలు ఎత్తేది, పాదం కిందికి వేలాడేది. మేజర్ సాబ్ చెప్పుకు కట్టుకునే ఒక పట్టీ రాసిచ్చారు.

పదకొండు గంటలకు ముప్పై నాలుగు పెట్టెలు లారీకి ఎక్కించాం. ఆమె నన్ను వెతుక్కుంటూ లారీ దగ్గరికి వచ్చింది. పేపరులో చుట్టిన మక్క పేలాలు నా చేతిలో పెట్టింది.

"బావి పనికి పోతలేను బిడ్డా. మెట్లు దిగరాదు. ఊళ్ళెనే మేకలు కాస్తున్న." తర్వాత పాదం వైపు చూసుకుని, మొదటిరోజు నవ్వినట్టే నోటికి కొంగు పెట్టుకుంది. "నీ తిమ్మిరి గింక పోనే లేదు. తిమ్మిరుంటే మంచిదంటివి గదా, ఉండనిస్తున్న."

చెప్పవలసింది అక్కడే. హవల్దార్ లేడు, సాబ్ లేరు. ఆమె, నేను, లారీ.

"బస్సొస్తది చిన్నమ్మా, పో" అన్నాను.

గోదాము గేటునుంచి రోడ్డు దాకా తడి ఎర్రమట్టి. ఆమె నడిచింది. కర్ర, ఎడమకాలు, కుడికాలు. కుడికాలు ముందుకు వచ్చినప్పుడల్లా బొటనవేలు నేలను రాసుకుంటూ వచ్చింది. అడుగు అడుగుకూ మట్టిలో ఒక గీత. జానెడు గీత, కొంచెం ఖాళీ, మళ్ళీ జానెడు గీత. రోడ్డెక్కేదాకా లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. బస్సు వచ్చింది, ఆమె ఎక్కింది.

సాయంత్రం ఆలేరులో రైలెక్కాం. లష్కర్‌లో సామాను అప్పజెప్పి, సెలవు మీద పానగల్ వచ్చాను. ఇంటి ముందు మా బాపు బల్ల వేసి కూర్చోబెట్టాడు. చుట్టుపక్కల వాళ్ళు చేరారు.

"గిన్ని దినాలు గీ పక్కనే ఉన్నవంట గదరా. ఏం జేసిన్రు ఆడ?"

"దవాఖాన డ్యూటీ బాపూ. ఏం లేదు" అని, మంచు గురించి చెప్పడం మొదలుపెట్టాను. చెప్తూ చెప్తూ కిందికి చూశాను. వాకిట్లో మట్టి తడిగా ఉంది. నా కుడికాలి బొటనవేలు దాని మీద ఒక గీత గీసి, ఆగి, పక్కన ఇంకో గీత గీస్తోంది.